వనపర్తిలో ఐసు చేసిన మధ్యాహ్నం

ఈ ప్రయాణం గురించి నేను ఇదివరకే ఒకసారి రాశాను. సొంత వ్యానుల్లో ఊళ్లు తిరిగే మాలాంటివాళ్లం కలిసి నడుపుకునే చిన్న పత్రికలో అది వచ్చింది. నా బ్యాటరీ ఫ్రిజ్ మీద తడి గోనెసంచి కప్పి దాన్ని ఆపేసిన పల్లెటూరి పెద్దావిడ గురించి అందులో ఒక పేరా ఉంది. చదివినవాళ్లు ఫోన్ చేసి మరీ నవ్వింది ఆ పేరాకే. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

ఆ పేరా అబద్ధం. సంచి కప్పకముందే ఫ్రిజ్ ఆగిపోయింది. అంతకంటే ముందే అందులో ఉన్న ఆవిడ ఇన్సులిన్ సీసాలు గడ్డకట్టాయి. రెండూ నాకు తెలుసు. రెండూ చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుందో తెలిశాక ఇప్పుడు మొదటి నుంచి మళ్లీ రాస్తున్నాను.

తెనాలిలో నాది ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే దుకాణం. పాత టెంపో వ్యాను ఒకటి కొని, వెనక మంచం, చిన్న గ్యాసు పొయ్యి, పైకప్పు మీద సోలార్ ప్యానెల్, మంచం కింద లిథియం బ్యాటరీ నేనే అమర్చుకున్నాను. అందులో నా గర్వమంతా పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. చూడటానికి ట్రంకుపెట్టెలా ఉంటుంది, మూత పైకి తెరుచుకుంటుంది. లోపల ఒకటే అర. డిగ్రీలు మీట నొక్కి మార్చుకోవచ్చు. నాలుగు దగ్గర పెడితే పాలు, కూరగాయలు బాగుంటాయి. సున్నా కిందికి దింపితే అదే పెట్టె ఫ్రీజర్ అవుతుంది. బ్యాటరీ బాగా దిగిపోతే, దాన్ని కాపాడటానికి ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోతుంది.

ఇవన్నీ బాగా తెలిసినవాణ్ణి. తెలియక చేసిన తప్పు అని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

గద్వాల

వేసవి అప్పుడే ముదురుతోంది. మా ఆవిడ వసంత మేనకోడలి పెళ్లికి గద్వాల చీర కొనాలంది. కొట్లో కాదు, మగ్గం దగ్గరే కొనాలని పట్టుబట్టింది. అలా దారి అడుగుతూ సందులు తిరిగి నాగరాజు, పద్మ అనే నేత దంపతుల ఇంటికి చేరాం. ముందుగదిలో సగానికి పైగా మగ్గమే. చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల దారాలు కలిసే చోట నాగరాజు ఒక్కొక్క పోగునీ ముడి తెలియకుండా అతుకుతుంటే వసంత చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

"ఇది తెగదా?" అని అడిగింది.

"చీర చిరిగినా ఈ అతుకు ఊడదమ్మా," అన్నాడు నాగరాజు తలెత్తకుండా. "ఊడితే పని నేర్పిన మా మామ నన్ను ఊళ్లె తిరగనియ్యడు."

"నీ మామ పోయి ఎన్నేండ్లాయె, ఇంకా భయమేంది నీకు?" అంది లోపలి నుంచి ఒక గొంతు. ఆ గొంతు చెన్నమ్మది. పద్మ వాళ్ల అమ్మ. మనవడు పుట్టాడని బల్మూర్ అవతల తన ఊరి నుంచి వచ్చి, పురుడు అయిపోయినా కొన్నాళ్లు ఉండిపోయింది. అరవై దాటి ఉంటాయి. సన్నగా, గట్టిగా, ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ ఉండే మనిషి.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే అన్నం. అన్నం అనడం నా అలవాటు కొద్దీ. వడ్డించింది జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పుంటికూర పప్పు. మేం గోంగూర అనేదే ఇక్కడ పుంటికూర. మా వైపు గోంగూర అంటే పచ్చడి, ఎండుమిర్చి, నూనె. ఇక్కడ పప్పులో వేసి పలచగా చేస్తారు. నేను గోంగూర పప్పు బాగుందన్నాను.

"గోంగూర గాదు సారూ, పుంటికూర," అని చెన్నమ్మ దిద్దింది. "మీ పేరు పెడితే మీ ఊరి లెక్క పుల్లగైతది."

తినే ముందు ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుని, చీర కాస్త పక్కకి తీసి, పొట్టకి తనే సూది వేసుకుంది. ఎవరి సాయమూ లేదు, మొహమాటమూ లేదు. ఎన్నో ఏళ్లుగా ఇన్సులిన్ మీదే ఉందట. ఊళ్లో పల్లీలు పీకే పని మొదలవుతోంది, రేపు వెళ్లిపోవాలి అంది. మేం ఎటూ నల్లమల అంచుదాకా వెళ్తున్నాం, నాగర్‌కర్నూల్ మీదుగా మా వ్యానులోనే రమ్మన్నాను.

పద్మ అప్పుడే ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. అందులో కొత్త ఇన్సులిన్ సీసాలు. తెలిసినవాళ్ల మందుల షాపులో తక్కువకి వస్తాయని గద్వాలలోనే కొన్నారు.

"బస్సుల తడిబట్ట చుట్టుకొని పోతది సార్ మా అమ్మ. ఇప్పుడు మీ ఫ్రిజ్ ఉంది గదా, అండ్ల పెట్టుకొని పోతారా?"

"ఊరికే పెట్టడం కాదమ్మా, నాలుగు డిగ్రీల్లో అంగుళం కదలకుండా తీసుకెళ్తాను," అన్నాను.

"జర పైలం సార్. గడ్డకట్టొద్దంట. ఎండనన్న కొంచెం ఓర్చుకుంటది గాని ఒక్కసారి గడ్డకడితే ఇంక పారేసుడే అన్నడు మందుల షాపాయన. చూడనీకి మంచిగనే ఉంటదంట, పని చెయ్యదంట."

ఈ మాటలు పద్మ నా మొహంలోకి చూస్తూ చెప్పింది. నేను సీసాల డబ్బా తీసుకుని ఫ్రిజ్‌లో గోడ వైపు, పెరుగు గిన్నె పక్కన పెట్టాను.

బీచుపల్లి వంతెన

మర్నాడు పొద్దున బయల్దేరాం. చెన్నమ్మ ముందుసీట్లో వసంత పక్కన కూర్చుంది. ఒళ్లో గుడ్డసంచి. అందులో తను వాడుతున్న సగం సీసా, సూదులు, రొట్టెలు. ఈ సగం సీసా అయిపోయేదాకా కొత్తవాటిని ముట్టనంది.

వ్యాను ఆగినప్పుడల్లా వెనక నుంచి ఫ్రిజ్ శబ్దం వినిపిస్తుంది. ఆవిడకి అది నచ్చలేదు.

"ఏంది సారూ గిది, పిల్లిని పెట్టెల పెట్టినవా? గుర్రుమంటనే ఉంది."

"కంప్రెసర్ పెద్దమ్మా. తిరుగుతోందంటే చల్లబరుస్తోందన్నమాట."

"అరువకుంటే?"

"చల్లబడిపోయి ఆగినట్టు. లేదా బ్యాటరీ అయిపోయినట్టు."

"అరిస్తే బతికున్నట్టు. గంతే గదా." ఆవిడ లెక్క ఆవిడకి తేలిపోయింది.

బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన ఎక్కాం. నీళ్లు తగ్గి రాళ్లు బయటపడి ఉన్నాయి. మా తెనాలి కాలవల్లో వచ్చేది ఇదే నది నీళ్లు. అక్కడ పచ్చగా, మెత్తగా కనిపిస్తుంది. ఇక్కడ ఎముకలు బయటపడ్డట్టుంది. చెన్నమ్మ పమిటచెంగుతో మొహం తుడుచుకుని, నదికి దండం పెట్టి, వసంత చేత కూడా పెట్టించింది.

పెబ్బేరులో సంత రోజు కాకపోయినా టీ కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు గొర్రెల బేరం ఆడుతున్నారు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని మాట లేకుండా ధర చెప్పుకుంటున్నారు. మా వైపు బేరమంటే అరుపులే. ఇక్కడి బేరంలో మొహం కదలదు. "మొఖం కదిలితే గొర్రె పోయినట్టే," అంది చెన్నమ్మ.

వనపర్తి

వనపర్తి చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఎండ తగ్గాక బయల్దేరదామని ఊరి చివర టీ హోటల్ పక్కన చింతచెట్టు కింద వ్యాను ఆపాను. ఇలా తిరిగేవాళ్లకి రోజూ ఎదురయ్యే చిక్కు ఇది. మనిషికి నీడ కావాలి, ప్యానెల్‌కి ఎండ కావాలి. గద్వాల సందుల్లో రెండు రోజులుగా నీడలోనే ఉండటంతో బ్యాటరీ అప్పటికే బాగా దిగి ఉంది. దారిలో ఇంజను ఇచ్చిన చార్జింగు కొంచెమే. అది చూశాను. అయినా నీడలోనే ఆపాను.

హోటల్ యజమాని యాదయ్య, అతని దగ్గర టీ తాగుతున్న నలుగురూ వ్యాను చుట్టూ చేరారు. నేను వెనక తలుపు తెరిచి ఒక్కొక్కటీ చూపించడం మొదలుపెట్టాను. మంచం చూసి తలూపారు. పొయ్యి చూసి తలూపారు. ఫ్రిజ్ దగ్గర యాదయ్య ఆగాడు.

"కరెంటు లేకుండ నడుస్తదా?"

"బ్యాటరీ మీద."

"ఐసైతదా?"

"కావాలంటే అవుతుంది. ఇప్పుడు నాలుగు డిగ్రీల్లో పెట్టాను."

యాదయ్య లోపల చెయ్యి పెట్టి చూసి మూత వేశాడు. "గింతేనా సారూ. గింత సల్లదనం మా రంజన్ కుండల నీళ్లకు గూడ ఉంటది. ఐసు కాకుంటే గది ఫ్రిజ్జేంది?"

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, హోటల్ దగ్గర నవ్వుకునే మామూలు నవ్వు. కానీ ఇరవై ఏళ్లుగా నా కొట్లో నేను చెప్పింది జనం విన్నారు. నా మీద ఎవరూ నవ్వలేదు.

"చూస్తూ ఉండండి," అన్నాను. గిన్నెలో నీళ్లు పోసి లోపల పెట్టి, మీట నొక్కుతూ నాలుగు నుంచి సున్నాకి, సున్నా నుంచి కిందికి, ఇంకా కిందికి, చిట్టచివరి అంకెదాకా దింపేశాను.

సీసాలు లోపలే ఉన్నాయని నాకు గుర్తుంది. మరిచిపోలేదు. ఎంతసేపూ కాదు కదా, పైపొర గట్టిపడగానే మళ్లీ పెంచేస్తాను అనుకున్నాను. ఆ డబ్బా తీసి పక్కన పెట్టడానికి ఒక్క క్షణం చాలు. ఇంతమంది ముందు పెరుగు గిన్నె, కూరగాయలు, మందులు బయట పేర్చుకుంటే ఆట పాడవుతుందనిపించింది. అంతే.

చెన్నమ్మ యాదయ్య భార్యతో కలిసి హోటల్ వెనక పల్లీలు ఒలుస్తూ కూర్చుంది. వసంత సీట్లో కునుకు తీసింది. నేను ఫ్యాను వేసుకుని, వచ్చిపోయేవాళ్లకి వోల్టులు, యాంపియర్లు వివరిస్తూ మధ్యాహ్నమంతా గడిపాను. చివరికి మూత తెరిస్తే గిన్నెలో ఐసు. ఈలలు వేశారు. యాదయ్య ఒప్పుకుని నిమ్మకాయ షర్బత్ చేసి, నా ఐసు పగలగొట్టి అందులో వేశాడు. డబ్బులు తీసుకోలేదు.

రెండోసారి ఐసు తీయడానికి చెయ్యి పెట్టినప్పుడు ప్లాస్టిక్ డబ్బా తగిలింది. పైన తెల్లగా మంచు. తెరిచాను. సీసాల్లో మందు కదలడం లేదు. ఒకటి తిరగేశాను. తెల్లటి ముద్ద అలాగే గాజుకి అతుక్కుని ఉంది.

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ నన్ను చూడటం లేదు. మీట మళ్లీ నాలుగుకి తెచ్చాను. సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని, రుద్ది, అవి మెల్లగా కరిగి మళ్లీ మామూలుగా కనబడేదాకా వ్యాను వెనకే నిలబడ్డాను. పద్మ చెప్పిన మాట చెవిలో మోగుతూనే ఉంది. చూడనీకి మంచిగనే ఉంటదంట. నిజంగానే మంచిగా కనిపించాయి. డబ్బా తుడిచి లోపల పెట్టి మూత వేశాను. బ్యాటరీ దీపం ఎర్రగా మినుకుతోంది. అదీ చూశాను.

వసంతని లేపి పక్కవీధి మెస్సుకి తీసుకెళ్లాను. చెన్నమ్మ రానంది. హోటల్ అన్నం తింటే షుగర్ ఎక్కుతుందని, తన రొట్టె తాను వ్యానులోనే తింటానంది.

తిరిగి వచ్చేసరికి ఫ్రిజ్ మీద తడి గోనెసంచి పరిచి ఉంది. నాలుగు పక్కలా దిగేసి, గాలి వెళ్లే జల్లెడ కూడా మూసేసి. కింద చెక్క మీద నీళ్లు కారుతున్నాయి. చెన్నమ్మ దాని మీద ఇంకో చెంబుడు నీళ్లు చల్లుతోంది.

"ఏం చేస్తున్నావ్!" అని అరిచాను. అంత గట్టిగా నేను ఎవరి మీదా అరవను. "జల్లెడ మూస్తే కంప్రెసర్ కాలిపోదా? ఫ్రిజ్ ఆపేశావు కదా!"

ఆవిడ చెంబు కింద పెట్టింది. "గుర్రుమనుడు బందైంది సారూ. మీరు గిట్ల పోయిండ్రు, గది గట్ల బందైంది. బందయినంకనే కప్పిన. మా ఇంట్ల కుండకు గిట్లనే కప్పుత."

"కుండ వేరు, మెషీన్ వేరు! సంచి కప్పబట్టే ఆగిపోయింది."

"కాదు సారూ, ముందుగాలనే..."

"నేను చెప్తున్నాను కదా!"

వసంత నా చెయ్యి పట్టుకుంది. "ఏవండీ, పెద్దావిడ. మెల్లగా."

చెన్నమ్మ సంచి తీసి, పిండి, నాలుగు మడతలు వేసి వ్యాను బయట పెట్టింది. నేను ఫ్రిజ్ మీది చిన్న తెర వైపు చూశాను. బ్యాటరీ వోల్టేజి తగ్గి ఆగినట్టు అందులో చెప్తోంది. వేడెక్కి ఆగితే చూపించే గుర్తు వేరు. నేను దాన్ని చదివి, మీట నొక్కి చెరిపేశాను.

నాగర్‌కర్నూల్

దారి పొడవునా ఇంజను బ్యాటరీని నింపింది. ఫ్రిజ్ మళ్లీ గుర్రుమంది. చెన్నమ్మ ఒక్కసారి కూడా పిల్లి మాట ఎత్తలేదు. కాలవ నీళ్లు వచ్చాక ఎక్కడ చేలు పచ్చబడ్డాయో, ఎక్కడ ఇంకా వానకే చూస్తున్నారో వసంతకి మెల్లగా చెబుతూ కూర్చుంది.

నాగర్‌కర్నూల్‌లో టిఫిన్ బండి దగ్గర ఆగాం. మిర్చిబజ్జీ మధ్య ఉల్లిపాయ, వేయించిన పల్లీలు కూరి ఇచ్చాడు. మా వైపు బజ్జీలో వాము, చింతపండు పెడతారు. వసంత రెండు తినేసి మూడోది కట్టించుకుంది. చెన్నమ్మ తీసుకోలేదు. నా వైపు చూసి, "సారూ, గా పెట్టె రిపేరుకు చానా అయితదా?" అని అడిగింది.

"బాగానే పనిచేస్తోంది పెద్దమ్మా."

"అయితే మంచిదే. దారంత పరేషానైన."

చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. చేతిలో బజ్జీ, పక్కన వసంత, నలభై అడుగుల్లో మందుల షాపు. కొత్త సీసాలు కొనిచ్చి విషయం చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. ఫ్రిజ్ గురించి ఊరంతా తిరిగి గొప్పలు చెప్పిన నోటితో, అదే ఫ్రిజ్ మందు పాడు చేసిందని ఎలా చెప్పను అనుకున్నాను.

బల్మూర్ దాటాక

ఊరు చిన్నది. చెన్నమ్మ ఇల్లు రెండు గదులు, రేకుల కప్పు. పక్కింటి లచ్చమ్మ ఎదురొచ్చి వ్యాను చూసి, "ఓ పిల్లా, బస్సే కొనుక్కొచ్చినవా ఏంది?" అని నవ్వింది.

గది మూలలో పెద్ద కుండ, దాని లోపల ఇసుక, ఇసుకలో చిన్న కుండ, పైన తడి గోనెసంచి. చెన్నమ్మ ఫ్రిజ్ అదే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు చల్లుతుంది. సీసాలు తీసి చిన్నకుండలో పెట్టబోతూ నా వైపు తిరిగింది.

"సల్లగనే ఉన్నయా సారూ? నేను జేసినదానికి మందుకేం కాలే గదా?"

"ఏం కాలేదు," అన్నాను.

"సల్లగుండు నాయనా," అంది ఆవిడ. మా వైపు కూడా ఈ దీవెన ఉంది. చల్లగా ఉండమంటే బాగుండమని. నేను తల వంచుకుని చెప్పులు వేసుకున్నాను.

తెనాలి

ఇంటికొచ్చి వ్యాసం రాశాను. తడి సంచి పేరా నేను అనుకున్నదాని కంటే బాగా పండింది. వసంత అచ్చులో చదివి, "ఆవిడ ముందే ఆగిందని చెప్పింది కదండీ," అంది. "ఆవిడకేం తెలుసు," అన్నాను.

కొన్ని వారాల తర్వాత పద్మ ఫోన్ చేసింది.

"సార్, అమ్మకు షుగర్ దిగుతలేదు. దూప దూప అనుకుంట నీళ్లు తాగుతనే ఉంటుంది, నడిస్తే కాళ్లు తేలిపోతున్నయంట. కొత్త సీసాలు మొదలువెట్టిన కాడికెంచి గట్లనే ఉంది. నాగర్‌కర్నూల్‌ల డాక్టరుకు చూపించినం. మందు ఎక్కడన్న గడ్డకట్టిందా, కనుక్కోండి అన్నడు. గడ్డకట్టలేదంటె మోతాదు పెంచుతడంట. మీ పెట్టెల ఏమన్న అయిందా సార్?"

ఆ డాక్టరు సరైన ప్రశ్నే అడిగాడు. అది సరైన మనిషి దగ్గరికే వచ్చింది.

"లేదమ్మా," అన్నాను. "నాలుగు డిగ్రీలు. అంగుళం కదల్లేదు."

"అమ్మ గూడ గదే అంటుంది సార్. సారు పెట్టె మంచిగనే ఉండె, నేనే సంచి కప్పి ఖరాబు జేసిన అనుకుంట ఏడుస్తుంది."



మరికొన్ని రోజులకి వసంత తనంతట తానే చెన్నమ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆవిడ గొంతు నీరసంగా ఉన్నా హుషారు తగ్గలేదు.

"సూది డబల్ జేసిండ్రు బిడ్డా. జర దిగింది. మీ పెట్టెలకెల్లి తెచ్చిన సీసాలు ఇయ్యాల్టితో అయిపాయె. రేపటి సంది కొత్తయి. అల్లుడు నాగర్‌కర్నూల్‌ల కొనిచ్చిపోయిండు."

నేను కొట్టుకి వెళ్లబోతూ గుమ్మంలోనే ఆగిపోయాను. నా వ్యాపారంలో ఇది పనికి చేరిన పిల్లలకి నేర్పే పాఠం. చచ్చిన బ్యాటరీ చార్జి తీసుకోవట్లేదని చార్జరు పెంచుతారు. తర్వాత కొత్త బ్యాటరీ పెట్టి చార్జరు తగ్గించడం మరిచిపోతారు. ఆ కొత్త బ్యాటరీ ఉడికిపోతుంది. చచ్చిన మందుకి సరిపడేలా పెంచిన మోతాదుని ఆవిడ రేపు పొద్దున బతికున్న మందుతో వేసుకోబోతోంది.

అప్పుడే ఫోన్ లాక్కుని చెప్పాల్సింది. చెప్పలేదు. వసంత ముందు చెప్పలేక, కొట్టుకి వెళ్లాక చేద్దామనుకున్నాను. కొట్లో జనం ఉన్నారు. పొద్దున లేవగానే చేద్దామనుకున్నాను. ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు, కానీ జరిగింది ఇదే.

పొద్దున ఫోన్ చేస్తే చాలాసేపు మోగింది. ఎత్తింది లచ్చమ్మ.

"చెన్నమ్మ పడిపాయె సారూ! గడపల పడింది. ఒళ్లంత చెమట, చేతులు వణుకుతున్నయ్, నేనెవరో గుర్తుపడుతలేదు. షుగర్ ఎక్కినట్టుంది, ఆటో కోసం పంపిన."

"ఎక్కలేదు, షుగర్ పడిపోయింది! మింగగలదా? గుటక వేస్తోందా?"

"ఏస్తుంది."

"చక్కెర నీళ్లు పట్టు. వెంటనే. ఎంత తాగితే అంత."

"షుగరోళ్లకు చక్కెరేంది సారూ, సంపుతవా ఏంది? తీపి ముట్టొద్దని డాక్టరే చెప్పె."

"లచ్చమ్మా, విను. ఇన్నాళ్లూ ఆవిడ వేసుకున్న మందు మందు కాదు. నా ఫ్రిజ్‌లో గడ్డకట్టింది. నేను చూశాను. చెప్పలేదు. అది పనిచేయట్లేదనే డబల్ చేశారు. ఇవాళ వేసుకున్నది అసలు మందు, అది ఎక్కువైంది. నీ కాళ్లు పట్టుకుంటాను, చక్కెర పట్టు!"

అవతల గిన్నెల చప్పుడు, ఎవరినో కేకేయడం, "తాగు, తాగు పిల్లా, మింగు" అన్న మాటలు. నా వెనక వసంత నిలబడి ఉంది. అంతా విన్నది.

కాసేపటికి దూరంగా చెన్నమ్మ గొంతు వినిపించింది. "గిదేంది, నోరంత తియ్యగుంది?"

మళ్లీ అదే ఊరు

డాక్టరు చూసి మోతాదు మళ్లీ తగ్గించాడని, ఇంటికి పంపారని పద్మ ఒక్క ముక్కలో మెసేజ్ పెట్టింది. నేను చేసిన ఫోన్లు ఆమె ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తదు. అది ఆమె హక్కు.

వ్యాను తీయలేదు. బస్సులు మారుతూ వెళ్లాను. వసంత వస్తానంది, వద్దన్నాను. నేను వెళ్లేసరికి చెన్నమ్మ అరుగు మీద పల్లీలు చెరుగుతోంది. లేవలేదు. మంచినీళ్లు ఇవ్వమని లోపలికి ఎవరినీ కేకేయలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. యాదయ్య నవ్వు, మీట, ఐసు, చేతుల్లో కరిగించిన సీసాలు, పద్మకి చెప్పిన అబద్ధం, ఆ చివరి రాత్రి చేయని ఫోను.

చాట ఆగిపోయింది.

"సచ్చేదాన్ని గదా సారూ," అంది ఆవిడ. కోపంగా కాదు. అప్పుడే తెలిసినట్టు.

"అవును."

"ఐసు జేసుకుంటే జేసుకుంటివి. నన్నడిగితే సీసాలు తీసి నా సంచిల పెట్టుకుందు గదా. అక్కడనే పల్లీలొలుసుకుంట కూసున్న గదా."

ఆవిడ చాటలో పొట్టు ఊదింది. మళ్లీ ఆగింది.

"మరి నా సంచి?"

"సంచి వల్ల ఏమీ కాలేదు పెద్దమ్మా. నువ్వు చెప్పినట్టే ముందే ఆగిపోయింది. బ్యాటరీ నేను ఖాళీ చేశాను. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు."

"తెలిసే అట్ల ఒర్లినవా నా మీద?"

"తెలిసే."

"ఊరంత చెప్పుకున్న సారూ. సారు పెట్టె నేనే ఖరాబు జేసినని. లచ్చమ్మ ఇప్పటికీ నన్ను సంచి చెన్నమ్మ అనే పిలుస్తది." ఆవిడ చాట కింద పెట్టి, గోడ అవతలికి మెడ చాచింది. "ఓ లచ్చమ్మా! ఎంకటమ్మా! ఇటు రాండ్రి. పని తర్వాత జేసుకుందురు, రాండ్రి!"

లచ్చమ్మ వచ్చింది. వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్లు, కల్లం దగ్గర నుంచి ఒక ముసలాయన. నన్ను చూసి లచ్చమ్మ మొహం తిప్పుకుంది.

"చెప్పు సారూ," అంది చెన్నమ్మ. "నాకు చెప్పింది ఈళ్లకు చెప్పు. గట్టిగ చెప్పు, గా ముసలాయనకు చెవులు ఇనబడయి."

నేను చెప్పులు విడిచి అరుగు ముందు నిలబడ్డాను. వనపర్తిలో ఆవిడ మీద ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగా చెప్పాను.

"చెన్నమ్మ సంచి ఏమీ చెడగొట్టలేదు. మందు గడ్డకట్టించింది నేను, ఫ్రిజ్ ఆపింది నేను, నింద ఆవిడ మీద వేసింది నేను. అడిగినా నిజం చెప్పకుండా ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది కూడా నేనే. చెన్నమ్మా, తప్పు నాది. నన్ను క్షమించు."